ఫోనిక్స్ వచ్చిందో లేదో తేల్చేది కొత్త మాటే

సంపాదకులకు నమస్కారం.

నెల్లూరు, కావలి వీధుల్లో ఏ బడి కరపత్రం చేతికొచ్చినా ‘ఫోనిక్స్ పద్ధతిలో బోధన’ అని ఉంటోంది. పద్ధతి మంచిదే. ఇంగ్లిషుకు అక్షరాలు 26, శబ్దాలు దాదాపు 44. అందుకని అక్షరాల పేర్లకన్నా ముందు శబ్దాలు నేర్పి, వాటిని కలిపి మాట చదివిస్తారు. ఎక్కువగా ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్‌తో మొదలుపెడతారు. ఆ ఆరు వస్తే చాలు, స్యాట్, పిన్, ట్యాప్ చదివించవచ్చు. అయితే వార్షికోత్సవంలో పిలకాయలంతా చేతులూపుతూ శబ్దాలు పాడినంత మాత్రాన చదువు వచ్చినట్టు కాదు.

మన దగ్గర ఇది ఎక్కువగా చెడేది అకారం దగ్గర. తలకట్టుకు అలవాటుపడిన నోరు ‘ట్’ అనాల్సిన చోట ‘ట’ అంటుంది. ‘ప-ఇ-న’ అని విడదీసిన బిడ్డ ఎంత గబగబా కలిపినా ‘పయిన’ వస్తుందే గాని ‘పిన్’ రాదు. బిడ్డకు బుర్ర లేదంటారు. తప్పు నేర్పిన శబ్దంలో ఉంది! టీచర్ల శిక్షణలో ప్, ట్, న్ అని పొల్లు రాసి పలికించాలి. స్, న్ సాగదీయొచ్చు. ప్, ట్ సాగవు, టక్కున ఆపేయాలి.

ఫలితం చూడాలంటే ఫోనిక్స్ కార్యక్రమానికి ముందొకసారి, 12 వారాల తర్వాత మరోసారి ఒక్కో బిడ్డను విడిగా కూర్చోబెట్టి 20 మాటలు చదివించాలి. నేర్పిన అక్షరాలతోనే కూర్చిన మాటలై ఉండాలి. పది నిజమైనవి, కానీ పాఠంలో రానివి. మిగతా పది ‘న్యాస్’, ‘టిస్’ లాంటి అర్థంలేని మాటలు. వీటిని బట్టీతో గట్టెక్కలేరు. ఇంగ్లండులో 2012 నుంచి జరుగుతున్న ఫోనిక్స్ పరీక్షలోనూ 40 మాటల్లో సగం కల్పితాలే. బొమ్మలు ఉండకూడదు, చూసి ఊహించేస్తారు. పరీక్ష పెట్టేది పక్క బడి టీచరైతే మేలు, కార్యక్రమం అమ్మినవాళ్లు వద్దు.

మార్కు ఒక్కటే వేసి ఊరుకుంటే లాభం లేదు. శబ్దం తెలియక తప్పిందా, శబ్దాలు తెలిసీ కలపలేకపోయిందా రాసుకోవాలి. మొదటిదైతే అక్షరం కార్డులతో మళ్లీ నేర్పాలి. రెండోదైతే కార్డులు పక్కనపెట్టి, నోటితో ‘ప్..ఇ..న్’ అని చెప్పి బిడ్డచేత కలిపించాలి. తరచూ బడి మానిన పిల్లల ఫలితాలు తీసేయకుండా విడిగా చూపాలి.

అర్థాన్ని వేరుగా పరీక్షించాలి. స్కాట్లండులోని క్లాక్‌మననషైర్‌లో ఈ పద్ధతిలో చదివిన పిల్లలు ప్రాథమిక విద్య ముగిసేసరికి మాటలు చదవడంలో వయసుకన్నా మూడున్నరేళ్లు ముందున్నారు. అర్థం చేసుకోవడంలో మాత్రం మూడున్నర నెలలే. ఇంట్లో తెలుగే మాట్లాడే మన పిల్లలకు ‘పిన్’ చదవడం వచ్చినా అదేమిటో తెలియకపోవచ్చు. మాట చదివాక వస్తువు చూపించి, తెలుగులో చెప్పించాలి.

మండల విద్యాశాఖాధికారులు ఒకటి, రెండు తరగతుల్లో ఇలా పరీక్ష పెట్టించి, ఆ కాగితాలు తల్లిదండ్రులకు చూపేలా ఆదేశించాలని మనవి.

– ఒక ఉపాధ్యాయురాలు, కావలి