లాప్‌టాప్ పెట్టె మీద ఆ మాట కూడా రాయించండి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను జనగామ జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. కంప్యూటర్లు విప్పి చూడటం నాకు పెళ్లికి ముందు నుంచీ ఉన్న ఇష్టం. మా బడిలో ఎవరి లాప్‌టాప్ మొరాయించినా ముందు నా దగ్గరికే వస్తుంది. మొన్న సంక్రాంతి సెలవుల్లో మా ఇంట్లోని రెండు లాప్‌టాప్‌లు విప్పాను. ఒకటి నాది, 2018 జూన్‌లో కొన్నది. అది బాగుపడింది. రెండోది మా అమ్మాయిది, 2023లో కొన్నది. దాన్ని ఏమీ చేయలేమని తేలింది. పాతది బాగుపడి కొత్తది పడకపోవడం ఏమిటని మీరు అడగొచ్చు. అది చెప్పి, ర్యామ్ (కంప్యూటర్ పని చేసేటప్పుడు వాడుకునే మెమరీ) పెంచుకోవచ్చో లేదో పెట్టె మీదే రాయించాలని కోరడానికే ఈ ఉత్తరం.

ముందు నా లాప్‌టాప్ సంగతి. ఇంటెల్ ఎనిమిదో తరం ఐ5 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. ఇన్నేళ్లూ పదో తరగతి ప్రశ్నపత్రాలు, మార్కుల జాబితాలు, జియోజీబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో పిల్లలకు చూపించే వృత్తాలు, స్పర్శరేఖలు అన్నీ దీని మీదే. కిందటేడు దసరా నాటికి పరిస్థితి ఎలా ఉందంటే, పవర్ బటన్ నొక్కి స్టాఫ్ రూమ్‌లో టీ తాగి వచ్చినా ఇంకా చుక్కలు తిరుగుతూనే ఉండేవి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాను. నొక్కిన దగ్గర్నుంచి పని చేయడానికి సిద్ధమయ్యే దాకా 4 నిమిషాల 10 సెకన్లు. 45 నిమిషాల పీరియడ్‌లో అది చిన్న సంగతి కాదు.

దానికి తోడు 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. మా ఊళ్లో అలాంటిది లేదని హన్మకొండలో ఒక సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాను. కౌంటర్‌లో ఉన్నతను లాప్‌టాప్ మూత కూడా పూర్తిగా తెరవకుండా, నా పక్కన నిలబడ్డ మావారి వైపు చూసి, "సార్, దీని లైఫ్ అయిపోయింది. కొత్తది తీసుకోండి, 58 వేలకు మంచిది ఉంది" అన్నాడు. ఎనిమిదో తరం ప్రాసెసర్ విండోస్ 11కు అర్హత ఉన్నదే కదా బాబూ అని నేను అడిగితే, "అయినా స్లో ఉంటుంది మేడం" అని ఊరుకున్నాడు. నెమ్మదికి కారణం ప్రాసెసర్ కాదని నాకు తెలుసు. ఇంటికి తెచ్చేశాను.

కారణం హార్డ్ డిస్క్. నాది నిమిషానికి 5,400 చుట్లు తిరిగే రకం. అంటే సెకనుకు 90 చుట్లు, ఒక్కో చుట్టుకు సుమారు 11 మిల్లీ సెకన్లు. కావలసిన సమాచారం ముల్లు కిందికి రావడానికి సగటున సగం చుట్టు ఆగాలి. ఆ ముల్లు పక్క వరుసకు జరగడానికి పట్టే సమయం వేరు. విండోస్ మొదలవ్వాలంటే ఇలాంటి చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో చదవాలి, ప్రతిదానికీ ఈ ఎదురుచూపే. హార్డ్ డిస్క్ బదులు వాడే ఎస్ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, చిప్‌లే. అందుకే వేగం అంత తేడా. ఈ లెక్క నా తొమ్మిదో తరగతి పిల్లలతో బోర్డు మీద చేయించాను. ముప్పై మందిలో ఇరవై మంది సరిగ్గా చేశారు.

విప్పే ముందు తెల్లకాగితం మీద లాప్‌టాప్ అడుగు బొమ్మ గీసుకున్నాను. ఏ స్క్రూ ఎక్కడ తీశానో బొమ్మలో అక్కడే టేపుతో అతికించాను, ఎందుకంటే వాటి పొడవులు ఒకేలా ఉండవు. పొడవు స్క్రూను పొట్టిదాని చోట బిగిస్తే పైన కీబోర్డు దగ్గర ఉబ్బుతుంది. పైకి కనిపించేవి తొమ్మిది. వెనక రబ్బరు పట్టీ కింద ఇంకో రెండు దాచారు. అవి తీయకుండా లాగితే అడుగు పలక విరుగుతుంది. పాత ఏటీఎం కార్డు అంచుతో చుట్టూ క్లిప్పులు వదిలించి, బీరువాను ఒకసారి ముట్టుకుని ఒంట్లో స్టాటిక్ కరెంటు పోనిచ్చి, మొట్టమొదట బ్యాటరీ తీగ ఊడదీశాను. ఇది మాత్రం ఎవరూ మరచిపోవద్దు. బ్యాటరీ తగిలించి ఉండగా లోపల ఏదీ ముట్టుకోకూడదు. ఫ్యాన్ నిండా చాక్‌పీస్ పొడి గడ్డకట్టి ఉంది. బ్రష్‌తో దులిపి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్ట్ (వేడిని బయటికి లాగే పూత) తుడిచి కొత్తది పెట్టాను.

లోపల చూస్తే సంతోషం వేసింది. బోర్డుకు అతికి ఉన్న 4 జీబీ కాక ర్యామ్ కోసం ఒక ఖాళీ స్లాట్. దాని పక్కనే ఎం.2 అనే చిన్న కార్డు ఆకారపు ఎస్ఎస్‌డీకి ఇంకో ఖాళీ స్లాట్. ఏడున్నరేళ్లుగా ఇవి ఇక్కడే ఉన్నాయి. కొన్నప్పటి కాగితాల్లో దీని గురించి ఒక్క ముక్క లేదు.

మరునాడు పొద్దున రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లాను. పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనే చోటు. కంప్యూటర్ పార్ట్ ఏది కావాలన్నా మా వైపు వాళ్లందరికీ అదే దిక్కు. ధరలు విని కాసేపు మాట రాలేదు. కిందటి వేసవిలో మా మరిది 8 జీబీ డీడీఆర్4 రకం ర్యామ్ స్టిక్ 1,750 రూపాయలకు కొన్నాడు. అలాంటి దానికే నేను 4,600 ఇచ్చాను. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ కంపెనీలు తమ ఉత్పత్తిని అటు మళ్లించడంతో మనలాంటి వాళ్లకు మిగిలేది తగ్గిపోయింది. మైక్రాన్ కంపెనీ క్రూషియల్ పేరుతో మామూలు వినియోగదారులకు అమ్మే ర్యామ్, ఎస్ఎస్‌డీల వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు డిసెంబర్‌లో ప్రకటించింది. నేను ఇన్నేళ్లూ నమ్మకంగా వాడిన బ్రాండ్ అది. ఆ వార్త చదివిన రోజు నిజంగా బాధపడ్డాను.

ఎస్ఎస్‌డీ దగ్గర నాకు ఒక రోజు, కొంత డబ్బు వృథా అయ్యాయి. ఎం.2 స్లాట్ ఉంది కదా అని ఎన్‌వీఎంఈ రకం 500 జీబీది తెచ్చాను. ఎన్‌వీఎంఈ, సాటా అనేవి ఎస్ఎస్‌డీ బోర్డుతో సమాచారం పంచుకునే రెండు పద్ధతులు, మొదటిది చాలా వేగం. స్లాట్‌లో చక్కగా దిగింది, స్క్రూ కూడా బిగించాను. బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల తెరలో, చూస్తే లేదు. తీసి మళ్లీ పెట్టినా లేదు. రాత్రి పదకొండింటి దాకా వెతికితే అర్థమైంది, నా లాప్‌టాప్‌లో ఆ స్లాట్‌కు లోపల సాటా తీగలే కలిపారు. కార్డు పట్టడం వేరు, పని చేయడం వేరు. కంపెనీ మాన్యువల్‌లో ఆ స్లాట్ బొమ్మ ఉంది, ఏ రకమో రాయలేదు. మళ్లీ రైలు, మళ్లీ సీటీసీ. ఆ షాపాయన మంచివాడు. ప్యాకెట్ చించినందుకు 400 తగ్గించుకుని మార్చి ఇచ్చాడు. ఎం.2లో సాటా రకం ఆయన దగ్గర లేకపోవడంతో హార్డ్ డిస్క్ స్థానంలోనే పట్టే 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ తీసుకున్నాను. "మీరు మోడల్ నంబర్ చెప్పినా నేనూ చెప్పలేను మేడం, కంపెనీవాళ్లు రాస్తే కదా! రోజూ ఇలా ఇద్దరు ముగ్గురు వెనక్కి వస్తారు" అన్నాడు. ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

ఖర్చు చెబుతాను. ర్యామ్ 4,600, ఎస్ఎస్‌డీ 4,300, పాత డిస్క్‌ను కాపీ చేయడానికి యూఎస్‌బీ కేబుల్ 450, థర్మల్ పేస్ట్ 220, పోయిన 400. మొత్తం 9,970 రూపాయలు, రైలు చార్జీలు కాక. రాత్రంతా పాత డిస్క్ కొత్తదాని మీదికి కాపీ అయింది. బయోస్‌లో ఆపి ఉన్న టీపీఎం అనే భద్రతా సెట్టింగ్ ఆన్ చేస్తే విండోస్ 11 ఏ గొడవా లేకుండా ఎక్కింది. పొద్దున మళ్లీ స్టాప్‌వాచ్ పెట్టాను. 19 సెకన్లు. మావారిని లేపి మరీ చూపించాను.

మా తెలుగు సార్ లాప్‌టాప్‌కు ఆ అదృష్టం లేదు. ఆయనది ఆరో తరం ప్రాసెసర్, విండోస్ 11 అర్హత జాబితాలో లేదు. విండోస్ బదులు లైనక్స్ వేద్దామంటే ఆయన ఇరవై ఏళ్ల ప్రశ్నపత్రాలన్నీ యూనికోడ్ కాని అను ఫాంట్లలో ఉన్నాయి, ఆ సాఫ్ట్‌వేర్ విండోస్‌దే. విండోస్ 10కే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వచ్చే ఏర్పాటులో చేర్పించాను. ఆ లోపు అన్నీ యూనికోడ్‌లోకి మారుద్దామని కూర్చున్నాం.

ఇక మా అమ్మాయి లాప్‌టాప్. వరంగల్‌లో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. ఇంటర్ అయ్యాక హైదరాబాద్‌లో ఒక పెద్ద షోరూమ్‌లో 62 వేలు పెట్టి కొన్నాం. సన్నగా, తేలిగ్గా ఉంది. 8 జీబీ చాలదేమో అని నేను ఆ రోజే అడిగాను. "ఇప్పటికి ఇది చాలు మేడం, తర్వాత పెంచుకోవచ్చు" అన్నాడు సేల్స్ కుర్రాడు. నేను నమ్మాను. ఇప్పుడు ప్రాజెక్టు కోసం ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ (తెర మీద ఫోన్‌లా నడిచే ప్రోగ్రామ్) తెరిస్తే మిగతావన్నీ మూసేయాల్సి వస్తోంది. "అమ్మా, నీది విప్పావు కదా, నాది కూడా చూడవా" అంది. విప్పాను. ర్యామ్ స్లాట్ లేదు. మెమరీ చిప్‌లన్నీ మదర్‌బోర్డుకు టంకం పెట్టి అతికించేశారు. వాటిని మార్చడం మామూలు రిపేరు షాపులో అయ్యే పని కాదు. పెంచాలంటే బోర్డే మార్చాలి, ఆ ధరకు ఇంకొంచెం వేస్తే కొత్త లాప్‌టాప్ వస్తుంది. దాని అట్టపెట్టె అటక మీదుంటే దించి చూశాను. "8 జీబీ ఎల్‌పీడీడీఆర్5" అని ఉంది. ఎల్‌పీ అనే ఆ రెండక్షరాలుంటే దాదాపు ప్రతిసారీ అతికించిన మెమరీ అని అర్థం. తెలిసిన నేనే ఆ రోజు హడావుడిలో చూసుకోలేదు. కూలికి వెళ్లి, చీటీ పాడి పిల్లలకు లాప్‌టాప్ కొనే మా బడి తల్లిదండ్రులకు ఆ రెండక్షరాలు ఏం చెబుతాయి?

అతికించడం తప్పని నేను అనడం లేదు. దానివల్ల యంత్రం సన్నబడుతుంది, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. కావాలనుకున్నవాళ్లు కొనుక్కుంటారు. నా బాధల్లా, కొనేవాళ్లకు ఆ సంగతి ముందు చెప్పకపోవడం గురించే. ఫ్రిజ్ కొంటే తలుపు మీద కరెంటు ఎంత తాగుతుందో చెప్పే స్టార్లు ఉంటాయి. బిస్కెట్ ప్యాకెట్ మీద చక్కెర ఎంతో రాస్తారు. 62 వేల వస్తువు మీద ర్యామ్ పెంచుకోవచ్చా లేదా, పెంచితే ఎంతదాకా, ఎం.2 స్లాట్ ఏ రకం, బ్యాటరీ మార్చుకోవచ్చా అనే నాలుగు మాటలు రాయడానికి ఏం కష్టం?

ఇది కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి లాప్‌టాప్‌ల ధర పక్కనే, అది ఎంత సులువుగా రిపేరు అవుతుందో పదికి మార్కులు వేసి చూపించాలి. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్ 24న వస్తువుల రిపేరు వివరాలు ఒకచోట చూసుకునే రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది. మొబైల్, ఎలక్ట్రానిక్ వస్తువులకు ఇలాంటి రిపేరబిలిటీ సూచిక ఎలా ఉండాలో చెప్పే నివేదిక 2025 మే నెలలో నిపుణుల కమిటీ నుంచి ఆ శాఖకు అందింది. ఆ సూచికను లాప్‌టాప్ పెట్టెల మీద తప్పనిసరి చేయాలని, అందులో ర్యామ్, స్టోరేజ్ సంగతి విడిగా ఉండాలని ఆ శాఖకు నేను ఒక లేఖ పంపాను. మన రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలు కూడా దీన్ని పార్లమెంటులో అడగాలి.

మిమ్మల్ని కోరేది ఇంకొకటి ఉంది. ఏటా జూన్‌లో కాలేజీలు తెరిచే వేళ పత్రికల్లో నిండు పేజీ లాప్‌టాప్ ప్రకటనలు వస్తాయి. బ్యాగు ఉచితం, మౌస్ ఉచితం అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. చట్టం వచ్చేదాకా ఆగకుండా, ఈ జూన్ నుంచే ఆ ప్రకటనల్లో ప్రతి మోడల్ కింద "ర్యామ్ పెంచుకోవచ్చు" లేదా "పెంచుకోలేరు" అన్న ఒక్క మాట వేయమని మీ ప్రకటనల విభాగం కంపెనీలను అడగగలదా? మా అమ్మాయి సీనియర్లు ఈ ఏడాది చదువు ముగించి వెళ్తారు, కొత్త పిల్లలు ఇంకో రెండు మూడు నెలల్లో కొనడం మొదలుపెడతారు.

ఇట్లు,
ఒక గణిత ఉపాధ్యాయిని,
జనగామ జిల్లా