పాటర్ తొలగింపు (ఏప్రిల్ 2023): మన అర్సెనల్ ఫుట్‌బాల్ అభిమానుల గ్రూప్‌కు ఒక మాట

మిత్రులారా, నిన్నటి నుంచి గ్రూప్‌లో సంబరాలు చూస్తున్నాను. మన ప్రత్యర్థి లండన్ క్లబ్ చెల్సీ తన కోచ్ గ్రహామ్ పాటర్‌ను తీసేసింది, సంతోషమే. కానీ తప్పంతా ఆయన మీదకు నెట్టేస్తే నేను ఒప్పుకోను. యూరప్ క్లబ్‌ల పెద్ద పోటీ ఛాంపియన్స్ లీగ్ గెలిపించిన పాత కోచ్ టూకెల్‌ను 2022 సెప్టెంబరులో పంపేశారు. పాటర్ అప్పటి క్లబ్ బ్రైటన్‌కు 2 కోట్ల పౌండ్లకు పైగా పరిహారం ఇచ్చి పాటర్‌ను తెచ్చారు. ఐదేళ్ల ఒప్పందం ఏడు నెలలైనా నిలవలేదు.

అసలు జబ్బు కొనుగోళ్లలో ఉంది. మిడ్‌ఫీల్డర్ ఎంజో ఫెర్నాండెజ్ ఒక్కడికే 10.68 కోట్ల పౌండ్లు! ఎనిమిదిన్నరేళ్ల ఒప్పందం కాబట్టి ఆ సొమ్మును అన్నేళ్లకూ పంచి రాస్తే లెక్కల్లో ఏడాదికి దాదాపు కోటీ పాతిక లక్షల ఖర్చే కనిపిస్తుంది. ఆటగాడు రాణించకపోతే మాత్రం 2031 వరకు ఆ భారం మోయాల్సిందే. జనవరిలో అంతమందిని కొన్నారు, ఛాంపియన్స్ లీగ్ జట్టులో కొత్తగా చేర్చుకోగలిగింది ముగ్గురినే. పాపం, అప్పుడే కొన్న డిఫెండర్ బదియాషీల్ బయటే ఉండిపోయాడు. ఇంత గుంపుతో ఏ కోచ్ అయినా స్థిరమైన పదకొండు మందిని ఎలా తయారు చేస్తాడు?

మనం కొనాలనుకున్న ముద్రిక్ చెల్సీకి వెళ్లి చేజారినప్పుడు ఇక్కడ ఎంత గొడవ చేశామో గుర్తుందా? మనవాళ్లు వేలంపాటకు దిగకుండా ఫార్వర్డ్ ట్రొసార్డ్‌ను తెచ్చుకున్నారు. ఎంత చక్కగా కుదిరాడు! మన కోచ్ ఆర్టెటాకు ఓపికగా సమయం ఇచ్చిన క్లబ్ మనది, 2023 ఏప్రిల్ మొదట్లో ప్రీమియర్ లీగ్ పట్టికలో అగ్రస్థానంలో ఉన్నాం.

పాటర్‌ను వ్యక్తిగతంగా కించపరిచే బొమ్మలు దయచేసి పెట్టకండి. ఈ 2022-23 సీజన్‌లో చెల్సీ మన మైదానం ఎమిరేట్స్‌కు రావలసిన మ్యాచ్ ఇంకా ఉంది, దాని గురించి మాట్లాడుకుందాం.