పేర్ల పక్కన ఒక్క వాక్యం రాయించండి: జిల్లా కలెక్టర్ గారికి మాధవరం నుంచి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

తాడేపల్లిగూడెం మండలంలోని మా ఊరిని అందరూ మిలిటరీ మాధవరం అంటారు. 1914-18 యుద్ధానికీ, ఆ తర్వాత 1939-45 యుద్ధానికీ ఇక్కడి నుంచి మనుషులు వెళ్లారు. ఇప్పటికీ పిల్లలు సైన్యంలో చేరుతూనే ఉన్నారు.

మా తాతగారి ఇనుప ట్రంకుపెట్టె అటక మీద ఉంది. మూత మీద తెల్లరంగుతో రాసిన నంబరు సగం చెరిగింది. ఆయన బర్మా వెళ్లారని తెలుసు. ఏ దళంలో పనిచేశారో చెప్పగలిగిన నాయనమ్మ ఇప్పుడు లేదు.

అందుకే అడుగుతున్నాను. మా ఊళ్లోని సైనిక స్మారకం దగ్గర ఒక్కో సైనికుడి పేరు పక్కన దళం, వెళ్లిన చోటు, సంవత్సరం చెక్కించండి. తిరిగొచ్చినవాళ్లవి కూడా. సైనిక సంక్షేమ శాఖ వాళ్లను ఒక్క వారం మా ఊరికి పంపండి. పెన్షన్ కాగితాలు, పతకాలు మేమే ఇంటింటికీ తిరిగి తెచ్చిపెడతాం. ఎనభై దాటిన పెద్దవాళ్లను మాత్రం ముందుగా కలవమనండి.

ఇట్లు,
ఒక సైనికుడి మనవడు