దుకాణం చూపిస్తామని చౌరస్తాలో నిలబెట్టారు

సంపాదకుడు గారికి,

పదిహేను రోజుల కిందట ఆదివారం అనుబంధంలో హైదరాబాద్ ఆబిడ్స్ ‘వారసత్వ నడక’ గురించి మీరు పేజీ నిండా వేసింది చదివి, నమ్మి, పోయి వచ్చినవాణ్ని నేను. పాలమూరులో తెల్లారకముందే బస్సెక్కాను. వెంట మనవడు. తలకు 400 రూపాయలు. ఏడేళ్ల పిల్లాడికి అర టికెట్టు లేదట.

‘నిజాం కాలపు పెద్ద దుకాణంలో ఒక ఉదయం’ అని కదా మీ శీర్షిక! గైడు మమ్మల్ని రోడ్డు పక్కన ఎండలో నిలబెట్టి, ట్రాఫిక్ వైపు చెయ్యి ఊపి, ‘ఇక్కడే ఉండేది’ అన్నాడు. ఇక్కడంటే ఎక్కడయ్యా అని అడిగితే ‘ఈ ఏరియాలోనే సర్’ అని జవాబు. దుకాణం లేదు, గోడ లేదు, కనీసం బోర్డు లేదు.

పోనీ, కథైనా చెప్పాడా? ఫోన్ చూసి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చదివాడు. ఆల్బర్ట్ ఆబిడ్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర బట్టలూ బూట్లూ చూసుకునే కొలువులో ఉండి, తర్వాత దుకాణం పెట్టాడు. ఆ పేరే బజారుకు మిగిలింది. ఒకసారి వేసుకున్న బట్ట నిజాం మళ్లీ వేసుకునేవాడు కాదంటారు. ఆయన బట్టల అల్మారాలు ఆయన ఉన్న ప్యాలెస్ పురానీ హవేలీలో ఇప్పటికీ ఉన్నాయి. ఆ నిజాం కొన్న పెద్ద వజ్రం, జాకబ్ వజ్రం బేరంలోనూ ఈ ఆబిడ్ చెయ్యి ఉంది. ఇదంతా మనవడికి నేనే చెప్పుకున్నాను. మరి ఆ 400 ఎందుకిచ్చినట్టు?

అక్కడి నుంచి మొజంజాహీ మార్కెట్‌. ఐస్‌క్రీం తినిపించి, సెల్ఫీలు దిగమని నడక ముగించారు. ఐస్‌క్రీం డబ్బులు మళ్లీ వేరే. మీరేమో ఆ మార్కెట్‌కు ఏడో నిజాం ‘పెద్ద కొడుకు’ పేరు పెట్టారని రాశారు. పెద్దవాడు ఆజం జా. 1935 నాటి ఆ మార్కెట్‌కు పెట్టింది రెండోవాడు మొజం జా పేరు. ఒకప్పుడు పత్రికలో అచ్చయిందంటే బడిలో పిల్లలకు ధైర్యంగా చెప్పేవాళ్లం. ఇప్పుడు ప్రూఫులు దిద్దేవాళ్లు ఉన్నారా అసలు?

మా పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరు వచ్చిందీ ఆ మహబూబ్ అలీ ఖాన్ వల్లే, 1890లో. గడియారం చౌరస్తా దగ్గర సందులో మా నాయన దసరాకు బట్టలు తీసిన దుకాణం ఇంకా నిలబడే ఉంది. టేకు బల్ల అంచుకు ఇత్తడి గజం మేకులతో కొట్టి ఉంటుంది. తాన్లు లాగీ లాగీ దాని మీద గీతలు సగం అరిగిపోయాయి. బయట చూస్తే రావి మొక్క గోడను చీల్చుతోంది. ముందంతా నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు. ఏ అధికారైనా కారు దిగి ఆ సందులోకి వచ్చాడా? రోడ్డు వెడల్పు చేస్తామని మార్కింగ్ వేయడానికి మాత్రం పెయింటు డబ్బాతో తప్పక వస్తారు.

పోయిన వారం మనవణ్ని అక్కడికి తీసుకుపోయాను. సేటు కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, వాడి చేత ఆ గజంతో చొక్కా గుడ్డ కొలిపించాడు. టికెట్టు అడగలేదు.

సవరణ ఎప్పుడు వేస్తారో తెలపండి. మీ పేజీ కత్తిరించి దాచాను.

— ఒక రిటైర్డ్ టీచర్, మహబూబ్‌నగర్