ఏడు గంటల మెసేజ్ గురించి

హనుమకొండ,
బుధవారం

చి. అఖిలకు బాపు ఆశీర్వదించి రాస్తున్నది.

ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టడం మా కాలం అలవాటు. ఇక్కడి కుశలానికి నేను పూచీ. అక్కడి సంగతి నువ్వు రాస్తేనే తెలియాలి.

ప్రత్యేకంగా రాయాల్సిందేమీ లేదు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు రావడం మొదలైంది. మీ అమ్మ ఈసారి కూడా చపాటా కాయలే కావాలని పట్టుబట్టింది. మన ప్రాంతపు పంటేనని జీఐ గుర్తింపు వచ్చాక దాని ధర అడగాలంటేనే భయం, అయినా తెచ్చాను. డాబా మీద ఎండుతున్నాయి, కోతులకు కాపలా నేనే. చిన్నమ్మ రెండోవాడికి సంబంధం మళ్లీ తప్పిపోయింది. బోరు మోటారు బాగైంది. రోజూ ప్రొద్దున్నే నీ ఫోను నుంచి అమ్మకు వచ్చే ఆ ఏడు గంటల మెసేజ్ మాత్రం రావడం లేదు.

ఫోను పెట్టుకుని ఉత్తరమెందుకు అంటావేమో. ఫోనులో రాస్తే మీ అమ్మ చదువుతుంది. నా ఫోను, తన ఫోను అనే తేడా ఈ ఇంట్లో లేదని నీకు తెలుసు. మాట్లాడదామని చేస్తే, మీటింగులో ఉన్నాను బాపూ, తరువాత చేస్తానంటావు. ఆ తరువాత ఎప్పుడో నాకింకా అర్థం కాలేదు. ఉత్తరమైతే నేనే వెళ్లి డబ్బాలో వేసి వస్తాను, మూడో మనిషికి తెలియదు.

ఇక అసలు మాట. ఆ మెసేజ్ నువ్వు పంపేది కాదని, టైము పెట్టి ఉంచితే నీ ఫోనే పంపేదని నాకు ఎప్పటి నుంచో తెలుసు. నిష్ఠూరానికి చెప్పడం లేదు. టెలిగ్రాఫ్ ఆఫీసులో బతికినవాడిని, ముందే రాసిపెట్టిన వాక్యాలను తప్పుపడతానా? పెళ్లికీ పండక్కీ పరీక్ష పాసైనందుకూ శుభాకాంక్షల పట్టిక ఒకటి గోడకు వేలాడేది. ఫారం నింపేవాళ్లు వాక్యం రాయనక్కర్లేదు, దాని నంబరు వేస్తే చాలు. తీగ మీద వెళ్లేది ఆ నంబరే. అవతలి ఆఫీసువాళ్లు వాక్యం మొత్తం పూర్తిచేసి రంగుల కాగితం మీద అందజేసేవాళ్లు. మీ పెద్దబాపు పెళ్లికి వచ్చినవి ఇప్పటికీ పెట్టెలో ఉన్నాయి. 2013 జూలైలో ఆ సేవ మూతపడింది కానీ లేకపోతే నీ పెళ్లికీ నంబర్లే వచ్చేవి. పెళ్లి మాట ఊరికే వచ్చింది, కంగారు పడకు.

అయితే చుక్కలూ గీతలుగా తంతి కొట్టే మోర్సు కీ మీద పనిచేసిన రోజుల్లో ఇంకొకటి ఉండేది. అవతల కూర్చున్నది ఎవరో పేరు చెప్పకుండానే తెలిసిపోయేది. చుక్కకూ గీతకూ నడుమ ఒక్కొక్కరి విరామం ఒక్కో తీరు. కరీంనగర్ ఆయన రాత్రి డ్యూటీలో కునుకు తీసి లేచాడా, టీ తాగి వచ్చాడా కూడా చెప్పగలిగేవాణ్ని. నీ చేయి నాకు తెలియదా? నువ్వే రాస్తే చివర చుక్క పెట్టవు. సగం మాట ఒక మెసేజ్‌లో, మిగతా సగం ఇంకోదాంట్లో పంపుతావు. ఏడు గంటల దానిలో కామా కూడా ఉండాల్సిన చోటే ఉంటుంది. పైగా ఆదివారం కూడా ఆఫీసుకు బయలుదేరుతున్నానంటుంది.

రుజువు మాత్రం సద్దుల బతుకమ్మ రోజు దొరికింది. ముందు రాత్రి నీ బస్సు ఆలస్యమై ఏ వేళకో వచ్చి పడుకున్నావు. తెల్లవారి మీ అమ్మ వాకిట్లో పూలన్నీ రాసులు పోసుకుని కూర్చుంది. తంగేడు ఒక పక్క, బంతి ఒక పక్క, రంగు నీళ్లలో ముంచిన గునుగు కట్టలు గోడ వారగా. ఆ గునుగు కాడలు ఒక్క కొలతకు కత్తిరించే పని నాకు అప్పజెప్పింది. ఒకటి పొట్టిదైతే మొత్తం పక్కకు ఒరుగుతుందట, ప్రతి ఏడూ చెబుతుంది. కత్తెర కోసం లోపలికి వచ్చాను. టీవీ పక్కన చార్జింగ్‌లో ఉన్న అమ్మ ఫోను టింగుమంది. చూస్తే ఏడు. "లేచానమ్మా, టిఫిన్ తిని ఆఫీసుకు బయలుదేరుతున్నాను. నువ్వు మాత్ర వేసుకో." తల తిప్పి చూశాను. నువ్వు మంచం మీద ముసుగు తన్ని పడుకున్నావు, దుప్పట్లోంచి ఒక కాలు బయటికి ఉంది, పట్టీ కూడా కనబడుతోంది. ఫ్యాను అయిదులో పెట్టి మళ్లీ దుప్పటి ఎందుకో, కరెంటు బిల్లు ఎవరు కడతారో అది వేరే సంగతి. వాకిట్లోంచి అమ్మ, "ఎవరిది?" అని కేకేసింది. లోను ఇస్తారట అన్నాను. "వద్దని చెప్పండి" అంది. చెప్పానన్నాను, దాన్ని తుడిచేశాను. నువ్వు తీరిగ్గా లేచి వచ్చి, కళ్లు నులుముకుంటూ వాకిట్లో నిలబడి, అమ్మా మాత్ర వేసుకున్నావా అని అడిగావు. అచ్చంగా అదే మాట. నాకు నవ్వు ఆగక గునుగు కాడ ఒకటి పొట్టిగా కత్తిరించాను. సాయంత్రం పద్మాక్షి గుండం దాకా మన బతుకమ్మ ఎడమకు ఒరిగే వెళ్లింది, గుర్తుందా? ఎందుకు ఒరిగిందో మీ అమ్మకు ఇప్పటికీ తెలియదు. మెసేజ్ సంగతీ తెలియదు. ప్రొద్దున్నే ఆ టింగు వినపడ్డాకే మాత్ర వేసుకుంటుంది. నాకు కావలసింది అంతే కనుక నోరు మెదపలేదు.

సంక్రాంతి తరువాత అది గాడి తప్పింది. ఒకరోజు ప్రొద్దున రాలేదు. రాత్రి పదకొండుకు వచ్చింది, "లేచానమ్మా" అని. "ఇదేమిటి, ఈ వేళప్పుడు లేచిందా?" అని అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. సిగ్నల్ లేక ఆలస్యమై ఉంటుందని సర్దిచెప్పాను. ఆ తరువాత ఆలస్యంగా కూడా రావడం మానేసింది.

నేను ఊరుకోలేదు. లైను పోతే ముందు మన చివర చూసుకోవాలి. అమ్మ నంబరుకు రీచార్జి గడువు ఉంది. బ్లాకులో నీ పేరు లేదు. స్పామ్ అని ఒక అర ఉంటుంది కదా, అదీ తెరిచాను. అన్నీ లోన్లూ ప్లాట్లే. మన వైపు బాగానే ఉందని తేలాక చౌరస్తాలో ఫోన్లు బాగుచేసే అబ్బాయి దగ్గరికి వెళ్లాను. తెలివైనవాడు, ఓపిక కూడా ఉంది. మా అమ్మాయిది, దూరంగా ఉంది, ఫోను చూపించలేను, లక్షణాలు చెబుతానన్నాను.

ప్రొద్దుటిది రాత్రికి వచ్చిందంటే, ఆండ్రాయిడ్ అయితే బ్యాటరీ పొదుపు పని అన్నాడు. తెర ఆరి, ఫోను కదలకుండా పడి ఉంటే వెనకాల నడిచే యాప్‌లను నిద్రపుచ్చుతుందట. కొన్ని ఫోన్లలో మళ్లీ చేతిలోకి తీసుకునేదాకా లేపదట. లేదా చార్జింగ్ అయిపోయి ఆగిపోయి ఉండాలి. మందు తేలికే. సెట్టింగులలో ఆ యాప్‌కు బ్యాటరీ పరిమితి తీసేయాలి. సరే. అయితే అఖిలా, ప్రొద్దుటి నుంచి రాత్రి పదకొండు దాకా ఆ ఫోను నీ చేతిలోకే రాలేదా? అన్నం తింటూ కూడా వదలని పిల్లవు. ఆ రోజు ఏమైంది? జ్వరమా?

ఊరికే అడిగాను. రాజవ్వ అత్త మనుమడు మేడారం జాతరకు పుణె నుంచి వచ్చాడు. మన ఇంట్లోనే దిగాడు. నిన్ను ఎక్కడో చూశాడట, బాగా చిక్కిపోయావట. నీ పేరున ఎత్తు బంగారం, అంటే నీ బరువంత బెల్లం, ఇస్తానని మీ అమ్మ ఏనాడో మొక్కుకుంది కదా. చిక్కిపోతే బెల్లం ఖర్చు కలిసి వస్తుందిలే అన్నాను. ఆమె నవ్వలేదు. ప్రొద్దున టిఫిన్ నిజంగా తింటున్నావా, లేక అది కూడా ఫోనే తింటోందా?

రిపేరు అబ్బాయి చెప్పినవి ఇంకా ఉన్నాయి. ఆండ్రాయిడ్ 12 నుంచి అనుకున్న నిమిషానికి పని జరగాలంటే యాప్‌కు అలారాలు, రిమైండర్ల అనుమతి ఉండాలట. 14 వచ్చాక కొత్తగా వేసుకున్న చాలా యాప్‌లకు అది దానంతటది రాదు, మనమే వెళ్లి ఇవ్వాలి. గూగుల్ మెసేజెస్‌లో పంపే బాణాన్ని నొక్కి పట్టుకుంటే టైము పెట్టుకోవచ్చు కానీ అది ఒక్కసారికే, రోజూ తిరిగి రాదు. కనుక నీది వేరే యాపే అయి ఉంటుంది. నెలల తరబడి తెరవని యాప్‌ల అనుమతులను ఆండ్రాయిడ్ తానే వెనక్కి లాగేసుకుంటుందట. ఒకసారి పెట్టి మళ్లీ ఆ వైపు చూడనివాళ్లకు అలాగే జరగాలి. ఈ మాట యాప్ గురించే అన్నాను.

సిమ్ మార్చి ఉంటుందా అనీ అడిగాడు. మార్చినా 24 గంటలే మెసేజ్‌లు ఆపుతారు, మోసాలు జరగకుండా 2022లో పెట్టిన నియమం. మనకు ఆ గడువు ఎప్పుడో దాటింది.

ఫోనే మార్చి ఉంటే అన్నాడు. నీ చేతిలో ఐఫోన్ చూశానని జాతరకు వచ్చిన అబ్బాయే చెప్పాడు. పాత ఆండ్రాయిడ్‌లో పెట్టిన ఏర్పాటు అందులోకి రాదట. ఐఫోన్‌లో వేరే యాప్‌లు మనల్ని అడగకుండా మెసేజ్ పంపలేవు. తరువాత పంపు అనేది కొత్తగా వచ్చింది కానీ అది ఆపిల్ ఫోన్ల మధ్య నడిచే ఐమెసేజ్‌కే, అదీ 14 రోజుల లోపే. అమ్మది ఆండ్రాయిడ్ కనుక పనికిరాదు. షార్ట్‌కట్స్ అని ఒక యాప్ ఉంది, అందులో ఆటోమేషన్‌కు వెళ్లి రోజూ ఏడింటికి అని పెట్టాలి. అక్కడ నిన్ను అడిగి నడవాలా, వెంటనే నడవాలా అని అడుగుతుంది. అడిగి అని ఉంటే నువ్వు నొక్కేదాకా నోటీసు వేలాడుతూ ఉంటుంది, మెసేజ్ పోదు. వెంటనే అని పెట్టు. మెసేజ్ పంపే గడిలో, నడిచేటప్పుడు చూపించు అన్నది కూడా ఆపెయ్యి, లేకపోతే పెట్టె తెరిచి నీ వేలు కోసం ఎదురుచూస్తుంది. కాగితం మీద రాయించుకుని వచ్చాను, దీనితో జత చేస్తున్నాను.

పాత ఫోను ఆఫీసువాళ్లు ఇచ్చినదేమోనండీ, తిరిగి ఇచ్చేశారేమో అని కూడా అన్నాడు, మామూలుగానే. నేను టీ తాగుతానని లేచి వచ్చేశాను.

నీకు పాఠాలు చెప్పకూడదని కూర్చున్నాను. అయినా ఒక్క మాట. డబ్బు విషయంలో జాగ్రత్తగా ఉండు. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోమని మొదటి జీతం నాడే చెప్పాను, అప్పుడు తలాడించావు. క్రెడిట్ కార్డు మీద బతకకు. అద్దె ఎక్కువైతే ఇల్లు మారు, అందులో నామోషీ లేదు. రాత్రుళ్లు మేలుకుని తెర చూడకు. నీళ్లు తాగు. నేను ఆఫీసు మూసేసిన రోజు ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చుంటే, మీ అమ్మ ఏమీ అడగకుండా పెసరట్లు వేసింది. ఏమి అడిగినా అప్పుడు నేను కసురుకునేవాణ్ని.

జాతరకు వచ్చిన ఆ అబ్బాయి బస్టాండులో నన్ను పక్కకు పిలిచి ఇంకో సంగతి కూడా చెప్పాడు, మీ ఆఫీసులో చాలామందిని తీసేశారట. నీ పేరు చెప్పలేదు. నేను అడగలేదు. అమ్మకు తెలియదు.

రిపేరు అబ్బాయి చెప్పని కారణం ఒకటి ఉంది. బ్యాటరీ కాదు, అనుమతి కాదు, ఫోను మార్చడం కాదు. అందులో "ఆఫీసుకు బయలుదేరుతున్నాను" అనే ముక్క ఉంది కదా, అది ఇక చెల్లదనిపించి నువ్వే ఆపేశావేమో. అదే అయితే ఆ ముక్క ఒక్కటీ తీసెయ్యి. లేచానమ్మా, టిఫిన్ తిన్నాను, నువ్వు మాత్ర వేసుకో. ఇందులో దేనికీ ఉద్యోగం అక్కర్లేదు. ఫోను పంపినా నాకు అభ్యంతరం లేదు, ఏడుకే రానక్కర్లేదు, ఏడుంపావుకు పెట్టు. ఆదివారం ఎనిమిదన్నర చెయ్యి, అప్పుడు నమ్మేలా ఉంటుంది.

అలాంటిదేమీ లేకపోతే మరీ మంచిది, ఈ ముసలాయన పనీపాటా లేక ఊహించుకున్నాడనుకో.

శుక్రవారం సాయంత్రం మీ అమ్మ భద్రకాళి గుడికి వెళ్తుంది. అయిదు నుంచి ఆరున్నర దాకా నేను ఒక్కడినే ఉంటాను, మిరపకాయలు ఎత్తి లోపల పెట్టే పని తప్ప ఇంకేమీ లేదు. అప్పుడు చెయ్యి. మీటింగు అనకు. రావాలనిపిస్తే టికెట్ నేను తీస్తాను, తత్కాల్ అయినా సరే, కాజీపేటలో దిగితే స్టేషన్‌కు వస్తాను. నీ గదిలో బియ్యం బస్తాలు పెట్టాం, తీయించేస్తాను.

కారం పట్టించాక పొడి పంపుతుంది. సకినాలు పంపిన స్టీలు డబ్బా ఇంకా నీ దగ్గరే ఉంది. అది మీ అమ్మమ్మది, మూత మీద పేరు కొట్టించి ఉంటుంది. దాని గురించి వారానికోసారి నన్ను అడుగుతోంది. వచ్చేటప్పుడు మూతతో సహా తీసుకురా.

నీ బాపు