మీ అబ్బాయి బయలుదేరే ముందు

ప్రియమైన రమణా,

మీ అబ్బాయికి మా టెక్సాస్ రాష్ట్రంలోని డెంటన్‌లో ఎం.ఎస్. సీటు వచ్చిందని విన్నప్పటి నుంచి మా ఇంట్లో అందరికీ పండగలా ఉంది. పచ్చళ్లు, కుక్కరు, దుప్పట్ల సంగతి చెల్లెమ్మా మా ఆవిడా చూసుకుంటారు. కానీ మొన్న చెల్లెమ్మ నన్నొక మాట అడిగింది: “అక్కడ గంజాయి దుకాణాల్లోనే అమ్ముతారట కదా అన్నయ్యా, నిజమేనా?” ఫోనులో తేలే విషయం కాదు కాబట్టి రాస్తున్నాను. నువ్వు చదివి, వాడి చేత కూడా చదివించు.

మన దగ్గర 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) దేశమంతటికీ ఒక్కటే. పాడేరులో పట్టుబడినా పట్నాలో పట్టుబడినా అదే సెక్షను. అమెరికాలో రాష్ట్రానికో లెక్క. కొలరాడో ఓటర్లు 2012లోనే గంజాయిని చట్టబద్ధం చేసుకున్నారు. 21 ఏళ్లు నిండినవాళ్లు అక్కడ ఇప్పుడు 2 ఔన్సులు, అంటే సుమారు 56 గ్రాములు, దగ్గర పెట్టుకోవచ్చు. న్యూజెర్సీలో 6 ఔన్సుల దాకా నేరం కాదు. మాకు పక్క రాష్ట్రమైన న్యూమెక్సికోలో 2022 ఏప్రిల్ నుంచి దుకాణాలే తెరిచారు.

టెక్సాస్ వరకు వచ్చేసరికి 2 ఔన్సుల లోపు దొరికినా 180 రోజుల దాకా జైలు, 2,000 డాలర్ల దాకా జరిమానా. టెక్సాస్‌లోని ఎల్ పాసో నగరాన్ని ఆనుకుని సన్‌ల్యాండ్ పార్క్ అనే చిన్న ఊరుంది, అది న్యూమెక్సికోలోకి వస్తుంది. అక్కడి దుకాణంలో రసీదుతో సహా కొన్న పొట్లం, కారులో కొద్ది నిమిషాలు ప్రయాణించి టెక్సాస్‌లోకి రాగానే నేరానికి సాక్ష్యమవుతుంది. అక్కడి నుంచి డాలస్ వైపు ఐ-10 రహదారి మీద వస్తే సియెర్రా బ్లాంకా దగ్గర ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, సరిహద్దు గస్తీవాళ్లు కుక్కలతో తనిఖీ చేస్తారు.

ఆకు కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేవి గంజాయి సారం కలిపిన గమ్మీలు. చూడటానికి పిల్లలు తినే జెల్లీ బిళ్లల్లాగే ఉంటాయి. టెక్సాస్ చట్టం గంజాయి సారాన్ని వేరే జాబితాలో పెట్టింది. అది గ్రాము లోపున్నా ఫెలనీయే, అంటే పెద్ద నేరమే. పైగా తూకంలో చక్కెర, జెలటిన్ అన్నీ కలిపే లెక్కేస్తారు. మొత్తం 4 గ్రాములకు చేరితే 2 నుంచి 20 ఏళ్ల శిక్ష పడే సెక్షను. ఒక్కో బిళ్లే మూడు నాలుగు గ్రాములు తూగుతుంది, ఆలోచించు!

“డెంటన్‌లో పట్టించుకోరు అంకుల్” అని వాడికి ఎవరో ఒకరు చెబుతారు. అక్కడి ఓటర్లు 2022 నవంబరులో, కొద్దిపాటి గంజాయికి పోలీసులు అరెస్టులు చేయవద్దని తీర్పిచ్చిన మాట నిజం. 2024లో రాష్ట్ర అటార్నీ జనరల్ ఆ ఊరి మీదా, మరికొన్ని ఊళ్ల మీదా దావా వేశాడు. ఊరు చేసుకున్న నిబంధనతో రాష్ట్ర చట్టం మారదు.

రాష్ట్రం ఎంత ఉదారంగా ఉన్నా, మనవాళ్ల వీసా ఫెడరల్ ప్రభుత్వం చేతిలో ఉంటుంది. ఫెడరల్ చట్టంలో 1970 నుంచీ గంజాయి నియంత్రిత పదార్థమే. సొంతానికి ఉంచుకున్న 30 గ్రాముల లోపు గంజాయికి, ఒకే ఒక్కసారికి, దేశం నుంచి పంపేయకుండా మినహాయింపు ఉంది. కానీ మళ్లీ దేశంలోకి రానిచ్చే సెక్షనులో ఆ మినహాయింపు లేదు. అక్క పెళ్లికి ఇంటికొచ్చిన కుర్రవాడు వీసా కోసం వెళ్లి అక్కడే ఆగిపోవచ్చు. శిక్ష పడాలని కూడా లేదు. “కొలరాడోలో ఒకసారి తాగాను, అక్కడ తప్పు కాదు కదా” అని అధికారి ముందు ఒప్పుకున్నదే అతని మెడకు చుట్టుకోవచ్చు.

ఇంకొకటి వాడికి గట్టిగా చెప్పు. కేసు పడితే “నేరం ఒప్పుకో, ఏడాది ప్రొబేషన్ (జైలు లేకుండా నిఘాలో ఉండటం) తర్వాత కొట్టేస్తారు” అని స్థానిక వకీలు సలహా ఇవ్వవచ్చు. టెక్సాస్ దృష్టిలో అది శిక్ష పడినట్టు కాదు, ఇమిగ్రేషన్ చట్టం దృష్టిలో పడినట్టే. జార్జియాలో మాన్‌క్రీఫ్ అనే ఆయనకు జరిగింది అదే. మూడేళ్ల వయసులో జమైకా నుంచి చట్టబద్ధంగా వచ్చినవాడు. 2007లో కారు ఆపితే 1.3 గ్రాములు దొరికింది. పంచే ఉద్దేశంతో ఉంచుకున్నానని ఒప్పుకుంటే జైలు లేకుండా ప్రొబేషన్ ఇచ్చారు. ఇమిగ్రేషన్ అధికారులు దాన్నే ఘోర నేరమని దేశం నుంచి పంపేయాలన్నారు. సుప్రీంకోర్టు 2013లో 7-2తో అది ఘోర నేరం కాదని తేల్చింది. 1.3 గ్రాములకు ఆరేళ్లు! నాకు ఇది అన్యాయంగానే అనిపిస్తుంది. కానీ అప్పు చేసి పంపిన మన పిల్లలకు అంత దూరం పోరాడే స్తోమత ఎక్కడిది?

అందుకని ఇమిగ్రేషన్ వకీలుతో మాట్లాడకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దని చెప్పు. స్నేహితుల కారు ఎక్కేముందు అందులో ఏముందో అడగడానికి మొహమాటపడవద్దని కూడా. వాడు బుద్ధిమంతుడే, నాకు తెలుసు. పక్కవాడి సంచిలో ఉన్నదానికి వాడు ఇరుక్కోకూడదనే నా తపన.

టికెట్ తీయగానే వివరాలు పంపు. డాలస్ విమానాశ్రయానికి నేనే వస్తాను, మొదటి వారం మా ఇంట్లోనే ఉంటాడు. చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ
శ్రీను