గడ్డకట్టిన వేరుశనగ నూనె కల్తీది కాదు

సంపాదకులు గారికి,

వేరుశనగ నూనెను రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే గడ్డకట్టిందా, అందులో పామోలిన్ కలిపినట్టే అన్న సలహా ఫోన్లలో తిరుగుతోంది. దాన్ని నమ్మి అనంతపురంలో జనం మంచి గానుగ నూనెను కూడా అనుమానిస్తున్నారు. ఆ పరీక్ష తప్పు. కారణం నూనె నిర్మాణంలోనే ఉంది.

ఒక గ్లిజరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుంటే నూనె అణువు. తేడా అంతా ఆ ఆమ్లాల కార్బన్ గొలుసులో ఉంటుంది. స్టియరిక్ ఆమ్లంలో 18 కార్బన్లు, ద్విబంధం (రెండు కార్బన్ల మధ్య జంట బంధం) లేదు. నిటారు గొలుసులు కందికట్టె మోపులా ఒత్తుగా సర్దుకుంటాయి కాబట్టి సుమారు 69 డిగ్రీల దాకా కరగదు. ఒలీయిక్ ఆమ్లంలోనూ కార్బన్లు 18. కానీ తొమ్మిదో కార్బన్ దగ్గర ద్విబంధం వల్ల గొలుసు వంగి, 13 డిగ్రీలకే కరుగుతుంది. రెండు ద్విబంధాల లినోలియిక్ ఆమ్లం సున్నాకు 5 డిగ్రీల దిగువనే ద్రవం.

వేరుశనగ నూనెలో ఈ చివరి రెండే ఎక్కువ. అయితే 20, 22, 24 కార్బన్ల సంతృప్త (ద్విబంధం లేని) ఆమ్లాలు (అరాకిడిక్, బెహెనిక్, లిగ్నోసెరిక్) ఇందులో నూటికి 4 నుంచి 7 పాళ్లు ఉంటాయి. మిగతా వంటనూనెల్లో ఇంత ఉండవు. 4 డిగ్రీల ఫ్రిజ్‌లో స్వచ్ఛమైన నూనె మసకబారి చిక్కబడేది ముఖ్యంగా వీటివల్లే. పొద్దుతిరుగుడు నూనె కలిపితే ఇంకా తేటగా నిలుస్తుంది. అంటే ఈ పరీక్షలో నెగ్గేది కల్తీ చేసినవాడే!

ల్యాబ్‌లో చేసేది బెల్లియర్ పరీక్ష. నూనెను ఆల్కహాల్ కలిపిన పొటాష్‌తో సబ్బుగా మార్చి, ఎసిటిక్ ఆమ్లం, 70 శాతం ఆల్కహాల్ చేర్చి, వేడిచేసి మెల్లగా చల్లార్చాలి. అసలు వేరుశనగ నూనె అయితే ఆ ద్రావణం 39-41 డిగ్రీల మధ్య మసకబారుతుంది. నూనెలో ద్విబంధాలు ఎన్ని ఉన్నాయో చెప్పే అయోడిన్ విలువ 85-99 మధ్య ఉండాలి. పామోలిన్ దాన్ని తగ్గిస్తుంది, పొద్దుతిరుగుడు పెంచుతుంది. రెండూ కలిపి ఆ అంకెను సరిచేయగలరు కాబట్టి అదొక్కటే చూస్తే చాలదు.

నమూనా తీసేముందు డబ్బాను గోరువెచ్చని నీళ్లలో ఉంచి, నూనె పూర్తిగా కరిగాక బాగా కలపాలి. పైపైన తేటను మాత్రమే వంచితే గట్టి ఆమ్లాలు అడుగునే మిగిలి అంకెలు తారుమారవుతాయి. పేరుకున్న నూనెను పారబోయనక్కర్లేదు, కరిగించి వాడుకోవచ్చు.

అనుమానం తీరకపోతే ఆహార భద్రతా చట్టం, 2006 సెక్షన్ 40 కింద కొన్నవారే రుసుము కట్టి ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. నూనె ప్రమాణాలకు తగ్గట్టు లేదని తేలితే ఆ రుసుము తిరిగి వస్తుంది.

- రసాయనశాస్త్ర అధ్యాపకులు, అనంతపురం